పడవ వినేలా అనకూడని మాట

ఆ పడవని మొదటిసారి చూసినప్పుడు తన్నాను. అది మా నాన్న దగ్గర నేర్చుకున్న పద్ధతి. పాత పడవ కొనేటప్పుడు మడమతో పక్క చెక్కని గట్టిగా ఒక్క తన్ను తన్ని, చెవి ఆనించి వినాలి. మంచి చెక్క టంగుమంటుంది, పుచ్చిన చెక్క మూలుగుతుంది. ఇది టంగుమంది. నా మడమ వాచిపోయింది. వారం రోజులు కుంటుతూ తిరిగాను, ఆ వారమంతా దాన్ని బూతులు తిడుతూనే ఉన్నాను.

నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పుడు తల నెరిసి కాస్త దిగింది గానీ, ఆ రోజుల్లో జంగ్లీఘాట్ రేవులో ఎవరైనా నాతో మాట కలపాలంటే ముందు నా మొహం ఎలా ఉందో చూసుకునేవాళ్ళు. మాది శ్రీకాకుళం వైపు సముద్రపుటొడ్డు. నాన్న వయసులో ఉండగానే పోర్ట్ బ్లెయిర్ వచ్చేశాడు. డైరీ ఫార్మ్ అనే పేటలో ఇల్లు, జంగ్లీఘాట్‌లో పడవ. అమ్మా నాన్నా పోయాక ఇంట్లో మిగిలింది మా అక్క, బావ, నేను. నన్ను పెంచింది అక్కే. బావ నాకు పూర్తిగా ఉల్టా. ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. నేను వల చిక్కు పడితే కత్తి తీసేవాణ్ణి, ఆయన కూర్చుని ఒక్కో ముడీ విప్పేవాడు.

సునామీ వచ్చిన ఆ ఆదివారం పొద్దున్న బావ మా పాత పడవలో నీళ్ళు తోడుతున్నాడు. నేను జెట్టీ మీద ఉన్నాను. ముందు భూమి ఊగింది. నిలబడలేక నేను బోర్లా పడ్డాను, జెట్టీ సిమెంటు నా కళ్ళ ముందే పగిలింది. కాసేపటికి రేవులో నీళ్ళు పొంగాయి. కెరటంలా రాలేదు, పాలు పొంగినట్టు పొంగి ఒక్కసారిగా వెనక్కి లాగేశాయి. పడవలన్నీ ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుంటున్నాయి. మా పడవ తాడు బిగుసుకుని అది గాల్లో వేలాడింది. నేను కత్తితో తాడు కోశాను. అది కింద పడి, పక్కనున్న ఇనప బోటుకీ జెట్టీ స్తంభానికీ మధ్య ఇరుక్కుని నలిగింది. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది. అది నలిగే లోపలే బావ నీళ్ళలోకి దూకాడు. నీళ్ళలో ఆయన జుట్టు నా చేతికి దొరికింది. జుట్టు పట్టుకునే పైకి లాగాను. గుప్పెడు వెంట్రుకలు నా వేళ్ళ మధ్య ఉండిపోయాయి.

మనిషి దక్కాడు, పడవ చెక్కలై తేలింది.

ఆ తర్వాత ఆరేడు నెలలు ఎవరి పడవలోనో కూలికి వెళ్ళాం. ఒకడి కింద పని చెయ్యడం నావల్ల అయ్యే పని కాదు. ఇద్దరితో తన్నులాట అయింది, ఒకడి ముక్కు పగిలింది. చివరికి అక్క విసిగిపోయి, తన చేతి గాజులు తీసి బావ ముందు పెట్టింది. సొంత పడవ చూసుకోండి, ఈడు జైలుకెళ్ళే లోపల, అంది. కానీ ఒక షరతు పెట్టింది, అదీ నాకే.

"కొత్త పడవైతే నానడగను. పాతది గదా. దాని గుణం మనకి తెలవదు. దగ్గర దగ్గర ఏటాడుకోండి. లాంగ్ ట్రిప్ మాత్రం నువ్వు నాకాడికొచ్చి, 'అక్కా, పడవ తెలిసింది' అన్నాకే. నువ్వు ఆ మాటంటేనే మీ బావని పంపుతాను."

లాంగ్ ట్రిప్ అంటే ఐసు వేసుకుని లిటిల్ అండమాన్ వైపు వెళ్ళి, ఏడెనిమిది రోజులు సముద్రం మీదే ఉండటం. పెద్ద చేప అక్కడే ఉంటుంది. బావకి ఆ వేట అంటే ప్రాణం. సరే అన్నాను. అక్క మాట కాదనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

పడవ అమ్మినాయన హట్‌బే నుంచి వచ్చాడు. లిటిల్ అండమాన్‌లో ఉండే రేవు అది. సునామీ ఆ ఊరిని తుడిచిపెట్టేసింది. ఆయన మా వైపు వాడే, మా వాళ్ళలో ఒకడే. అరవై దాటినవాడు. చుట్టరికం లేకపోయినా మావా అని పిలిచాం. డైరీ ఫార్మ్ చివర తెలిసినవాళ్ళ రేకుల షెడ్డులో ఉంటున్నాడు. పడవ ఈ దీవుల్లో అందరూ డోంగీ అనే రకం, పడాక్ చెక్క, మధ్యలో చేత్తో తిప్పే డీజిల్ ఇంజను. అమ్మేటప్పుడు ఆయన దాని దగ్గరికి రాలేదు. దూరంగా, సిమెంటు గట్టు మీద కూర్చుని అడిగినవాటికి జవాబు చెప్పాడు.

ఇక్కడ మా వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. చెప్పకపోతే తర్వాత జరిగింది ఎవరికీ అర్థం కాదు. పడవ వినేలా చావు మాట అనకూడదు. మునగడం, పగలడం, పోవడం, ఈ మాటలేవీ పడవ దగ్గర నోటికి రాకూడదు. నాకు ఏడేళ్ళప్పుడు పడవ ఎక్కుతూ, "నాన్నా, ఇది మునుగుతాదా?" అని అడిగాను. నాన్న నా చెంప పగలగొట్టాడు. పెదవి చిట్లి రక్తం వచ్చింది. ఆ తర్వాత ఆయనే ఆ రక్తం తుడిచి, పడవకి కొబ్బరికాయ కొట్టాడు. పడవకి చెవులుంటాయిరా, అన్నాడు. ఆ మాట నా ఒంట్లోకి ఎక్కిపోయింది.

అందుకని మేము మావని అన్నీ అడిగాం. ఇంజను ఎన్నేళ్ళది, షాఫ్టు ఎప్పుడు మార్చారు, డీజిల్ ఎంత తాగుతుంది, చుక్కాని ఎటు లాగుతుంది. సునామీ రోజు ఈ పడవ ఎక్కడుంది అని మాత్రం అడగలేదు. అడగాలని తోచకపోవడం కాదు, ఆ ప్రశ్న నోటిదాకా వచ్చి ఆగింది. ఆయన కూడా చెప్పలేదు. మేము తాడు విప్పుతుండగా ఒక్క మాట అన్నాడు.

"బాబూ, మూతికాడ ఎవుల్నీ కూకోబెట్టకండి."

మూతి అంటే పడవ ముందు కొస. ముసలాయన ఏదో బెంగలో ఉన్నాడనుకున్నాను. "అలాగే మావా," అని ఇంజను తిప్పాను.

తిప్పగానే హ్యాండిల్ వెనక్కి కొట్టింది. నా పక్కనే వంగి ఉన్న బావ దవడకి తగిలింది. పన్ను ఊడి పడవలో పడింది. బావ పన్ను ఏరుకుని చూసి, నీళ్ళలో పారేసి, నోరు పుక్కిలించాడు.

"బోణీ బాగుంది బావమరిదీ," అన్నాడు.

ఆ తర్వాతి రెండు నెలలు ఆ పడవతో నేను చేసింది కాపురం కాదు, కుస్తీ. చుక్కాని ఉన్నట్టుండి ఎదురు తిరిగి నా చిటికెన వేలు విరిచింది. ఇప్పటికీ ఆ వేలు వంకరగానే ఉంది. ఖాళీగా ఉంటే కెరటానికి తల ఎగరేసేది, బరువేస్తే మొండికేసేది. ఇంజను వేడెక్కితే బంద్ అయిపోయేది. ఒకసారి చిడియా టాపు దగ్గర రాళ్ళ వైపు కొట్టుకుపోతుంటే ఇంజను అంటుకోలేదు. నేను తెడ్డు తీసి ఇంజను మీద ఎడాపెడా బాదాను. దెబ్బకి దెయ్యం దిగుతుందంటారు కదా, నాలుగో దెబ్బకి అంటుకుంది. నేను గెలిచాననుకున్నాను. బావ మాత్రం, ఇంజనులోకి డీజిల్ వెళ్ళే గొట్టంలో గాలి ఉందని, తాను నట్టు వదులు చేసి ఆ గాలి తీశానని, అందుకే అంటుకుందని తర్వాత చెప్పాడు.

"అది నీ పగోడు కాదురా. కొడితే ఏటి సెప్తాది? కాసేపు ఊరుకుంటే అదే సెప్తాది," అనేవాడు.

ఆయన పద్ధతి వేరు. ఒకరోజు పడవని ఒడ్డుకి లాగించి, లోపల బకెట్లతో నీళ్ళు నింపాడు. బయట అంతా గుడ్డతో తుడిచి ఆరబెట్టాడు. బయటి నీళ్ళు లోపలికి ఎక్కడ వస్తాయో చూడటం కష్టం, లోపలి నీళ్ళు బయటికి ఎక్కడ వస్తాయో చూడటం తేలిక. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. రెండు చోట్ల చుక్కలు కనిపించాయి. అక్కడ సుద్దతో గీత గీసి, సందుల్లో దూది కుక్కి గుగ్గిలం పూశాడు. మూతి దగ్గర ఒక్క చుక్క కూడా లేదు. అక్కడ చెక్క మీద చెక్క వేసి, మందంగా తారు పూసి ఉంది. హట్‌బే వడ్రంగి పని బాగా చేశాడని మెచ్చుకున్నాను. బావ మాత్రం ఆ తారు మీద వేలుతో రాసి చూసి, "ఇక్కడే ఇంత మందం ఎందుకేశాడో," అన్నాడు.

ఎదురు కెరటంలో పడవ బాగానే వెళ్ళేది. వెనక నుంచి కెరటం తోస్తుంటే మాత్రం మూతి కిందికి వంగి, లోపల ఎక్కడో కిర్రుమనేది, నిద్రలో పళ్ళు కొరికే మనిషిలా. రేవులో రాంచీ వాడైన ముసలి వడ్రంగిని పిలిచి చూపించాం. అతను సుత్తితో తట్టి, బీడీ ముట్టించుకుని, "పురానీ లక్డీ బోల్‌తీ హై, భయ్యా," అన్నాడు. పాత చెక్క మాట్లాడుతుందట. కావాలంటే పై చెక్క విప్పి చూస్తాను, వారం పడుతుంది అన్నాడు.

"విప్పిద్దాం," అన్నాడు బావ.

"వారం ఎందుకు? సముద్రం ఇప్పుడు బాగుంది. అవతలోళ్ళు దొడ్డ చేప తెచ్చుకుంటంటే మనం ఇక్కడ కూకుని తారు గోక్కుంటామా?" అని అరిచాను. వడ్రంగిని కూడా కసిరి పంపేశాను.

ఆ సాయంత్రమే అక్క అన్నం వడ్డిస్తూ నన్నడిగింది. "ఒరే, పడవ తెలిసిందేటి?"

"తెలిసిందక్కా."

పచ్చి అబద్ధం. అది ఎందుకలా కిర్రుమంటుందో నాకు తెలియదు. తెలుసుకోవాలంటే ఇంకో వారం ఆగాలి, ఆగడం నాకు చేతకాదు. అక్క బావ వైపు చూసింది. బావ తలెత్తలేదు, చేప ముళ్ళు తీసుకుంటున్నాడు. అక్క సరేనని బావ సంచీ సర్దింది.

మొదటి రెండు రోజులూ బాగానే గడిచాయి. సింక్ దీవులు దాటి లిటిల్ అండమాన్ వైపు దిగాం. వల నిండింది, ఐసు పెట్టె నిండింది. బావ పాటలు పాడాడు. మూడో రోజు మధ్యాహ్నం గాలి తిరిగింది. మేము ఉత్తరానికి మళ్ళాం. నైరుతి కెరటం సరిగ్గా మా వెనక పడింది. ఒక్కో కెరటం వచ్చి పడవని మెడ పట్టి తోసినట్టు తోస్తోంది. మూతి దిగుతోంది, కిర్రుమంటోంది, లేస్తోంది. రట్లాండ్ దీవి దగ్గర నీటి అడుగున రాళ్ళుంటాయి. వాటిని కనిపెట్టడానికి బావ ముందుకెళ్ళి మూతి దగ్గర కూర్చున్నాడు. కుడిచెయ్యి, రెండు పక్కల చెక్కలూ వచ్చి కలిసే లోపలి కొయ్య వెనక పెట్టి పట్టుకున్నాడు.

"బావా, అక్కడొద్దు," అని నేను అనలేదు. మావ చెప్పిన మాట నాకు గుర్తే రాలేదు.

పెద్ద కెరటం ఒకటి వచ్చి పడవని ముందుకి విసిరింది. మూతి నీళ్ళలో గుచ్చుకుంది. ఫట్‌మని చప్పుడు వచ్చింది. ఇంజను పగిలిందనుకున్నాను. చూస్తే బావ నోరు తెరిచి ఉంది, అరుపు మాత్రం బయటికి రావడం లేదు. పక్క చెక్క కొయ్య నుంచి విడిపోయి, బావ చెయ్యి ఆ సందులోకి జారింది. మూతి లేచినప్పుడు సందు మూసుకుంటోంది, దిగినప్పుడు తెరుచుకుంటోంది. తెరుచుకున్నప్పుడు నీళ్ళు లోపలికి చిమ్ముతున్నాయి. మూసుకున్నప్పుడు బావ చెయ్యి నలుగుతోంది. ప్రతి కెరటానికీ ఒక కొరుకు. నీళ్ళు ఎర్రగా మారాయి.

చుక్కాని వదిలేసి పరిగెత్తాను. లాగితే రాలేదు. తెరుచుకున్నప్పుడు లాగుదామని చూశాను, అప్పటికి వేళ్ళు లోపల మేకులకి తగులుకున్నాయి. గొడ్డలి తీశాను. బావ నన్ను చూసి కళ్ళు మూసుకున్నాడు. ఆయన చేతి మీద కొడతాననుకున్నాడని నాకు తర్వాత తెలిసింది. నేను కొయ్య మీద కొట్టాను. ఒక దెబ్బ కొయ్య మీద, రెండో దెబ్బ జారి పక్క చెక్క మీద. ఈ కొయ్య విరిగితే పడవ మూతి మొత్తం తెరుచుకుంటుందని తెలుసు. అయినా కొట్టాను. అన్ని రోజులూ దాని మీద పెంచుకున్న పగంతా ఆ గొడ్డల్లోకి వచ్చింది. తిడుతూ, ఏడుస్తూ, కొట్టాను. ఆరో దెబ్బకి కొయ్య విరిగింది. బావ వెనక్కి పడ్డాడు. చెయ్యి బయటికొచ్చింది గానీ చెయ్యిలా లేదు.

విరిగిన కొయ్య వెనక, పాత చెక్కకీ కొత్త చెక్కకీ మధ్య, నీలం గళ్ళ లుంగీ ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. బావది కాదు, బావ నిక్కరులో ఉన్నాడు. మేకుకి చుట్టుకుని, తారులో తడిసి, గట్టిపడి ఉంది. ఇంతకుముందు ఇక్కడ ఇంకో మనిషి ఇరుక్కున్నాడని అప్పుడు అర్థమైంది. లాగి జేబులో కుక్కుకున్నాను.

నీళ్ళు మోకాలి దాకా వచ్చాయి. ముందుకి నడిపితే తెరుచుకున్న మూతిలోంచి సముద్రమంతా లోపలికొస్తుంది. బావ ఎడమచేత్తో నా కాలు పట్టుకుని, "ఎనక్కి. ఎనక్కి నడుపు," అన్నాడు. ఇంజను రివర్సులో వేశాను. ఐసూ చేపా అంతా సముద్రంలోకి తోసేశాను, డీజిల్ డబ్బాలు వెనక్కి లాగాను. మూతి పైకి లేచింది. వెనక భాగం కెరటాల్ని చీల్చుకుంటూ, నీళ్ళు నా మొహం మీద బాదుతుంటే, వెనక్కి వెనక్కి నడుపుకుంటూ రట్లాండ్ ఇసకలోకి ఎక్కించాను. మర్నాడు పొద్దున్న వేరే పడవవాళ్ళు చూసి మమ్మల్నీ ఆ చెక్కల మూటనీ జంగ్లీఘాట్‌కి లాక్కొచ్చారు.

ఆసుపత్రిలో బావ కుడిచేతికి బొటనవేలు, చిటికెన వేలు మిగిల్చారు. మిగతావి తీసేశారు. అక్క వచ్చింది. బావని చూసింది, చేతి కట్టు చూసింది, నన్ను చూసింది. తిట్టినా బాగుండేది. ఆ చూపు భరించలేక బయటికొచ్చి నేరుగా మావ ఉండే షెడ్డుకి వెళ్ళాను.

ఆయన ముంగిట్లో కూర్చుని వల అల్లుతున్నాడు. చొక్కా పట్టుకుని లేపాను. మొదటి దెబ్బకి ఆయన రేకుల గోడకి తగిలాడు. రెండో దెబ్బకి నోట్లోంచి రక్తం వచ్చింది. అరవై దాటిన మనిషి. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. మూడోసారి కొట్టబోతుంటే చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి నన్ను పట్టుకున్నారు. "ఛోడో భయ్యా, మర్ జాయేగా," వదిలెయ్యి చచ్చిపోతాడు అని ఎవరో ఏడుస్తున్నారు. నేను జేబులోంచి ఆ గుడ్డ ముక్క తీసి ఆయన మొహాన కొట్టాను.

"ఎందుకు సెప్పనేదు? మా బావ చెయ్యి తినేసింది నీ పడవ. ఎందుకు సెప్పనేదు?"

ఆయన నా మాట వినలేదు. కింద పడిన గుడ్డ ముక్క తీసుకున్నాడు. గోటితో తారు గీకాడు. నీలం గళ్ళు కనిపించాయి. అక్కడే మట్టిలో కూలబడి, ఆ ముక్కని రెండు చేతులతో మొహానికి ఆనించుకుని, పశువులా రొప్పుతూ ఏడ్చాడు. నన్ను పట్టుకున్న ఆడవాళ్ళు వదిలేశారు. ఇంక పట్టుకోవలసిన అవసరం లేదు.

ఏడుపు మధ్యలోనే ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఆ ఆదివారం హట్‌బే జెట్టీలో ఆయన తమ్ముడు మూతి దగ్గర తాడు పట్టుకుని ఉన్నాడు. ఈయన చేతులతో పెంచిన తమ్ముడు. రెండో కెరటం పడవని తీసుకెళ్ళి అలల్ని అడ్డుకునే గోడ రాళ్ళ మీద కొట్టింది. మూతి తెరుచుకుంది, తమ్ముడు అందులో పడ్డాడు, మూసుకుంది. ఇంకో కెరటానికి మళ్ళీ తెరుచుకుంది. మనిషి లేడు. శవం దొరకలేదు. కర్మ చెయ్యడానికి ఇంత గోరైనా దొరకలేదు. తర్వాత ఎవరో వడ్రంగిని పెట్టి పై చెక్క వేయించాడు గానీ తాను దగ్గరికి వెళ్ళలేదు.

"సెప్పాను గదా బాబూ, మూతికాడ కూకోబెట్టొద్దని. అంతకన్నా ఎలా సెప్పాలి? పడవ ముందర సావు మాట ఎలగనాల? నువ్వూ అడగనేదు," అన్నాడు. చిట్లిన పెదవితో.

నాకు నాన్న కొట్టిన చెంపదెబ్బ గుర్తొచ్చింది. రేవులో ఈయన ఆ మాట విప్పి చెప్పి ఉంటే, పడవ ముందు అపశకునం పలికాడని అప్పుడే కొట్టి ఉండేవాణ్ణి. ఎటు చూసినా ఈయనకి నా చేతి దెబ్బ తప్పేది కాదు. నేను ఆయన పక్కన మట్టిలో కూర్చున్నాను.

బావ ఇంటికొచ్చిన నాలుగో రోజు అక్క మా అందరినీ రేవుకి తీసుకెళ్ళింది. మావని కూడా పిలిపించింది. పడవ ఒడ్డున పక్కకి ఒరిగి, మూతి తెరుచుకుని పడి ఉంది. అక్క చీర కుచ్చిళ్ళు దోపుకుని దాని ముందు నిలబడింది.

"మావా, ఇప్పుడు సెప్పు. దీని ముందరే సెప్పు. ఇనాలి అది."

"ఒద్దమ్మా," అన్నాడాయన. రేవులో ఉన్న మా వాళ్ళు ఒకరిద్దరు కూడా వద్దన్నారు.

"ఏటొద్దు? అనకపోతే ఏటి మిగిల్చింది మనకి? సెప్పు."

ఆయన చెప్పాడు. తమ్ముడి చావు, మొదటి నుంచి చివరి దాకా, చనిపోయాడు అనే మాటతో సహా. గుడ్డ ముక్క ఆయన గుప్పిట్లోనే ఉంది. చెప్పడం అయ్యాక ఆయన వెళ్ళి, మొదటిసారి ఆ పడవ మీద చెయ్యి వేశాడు. ఆకాశం విరిగి మీద పడలేదు. సముద్రం అలాగే ఉంది.

అక్క నా వైపు తిరిగింది. "నువ్వు సెప్పు."

"ఏటి సెప్పాలి?"

"ఆ రోజు నాతోటి ఏటన్నావో అది."

అందరూ చూస్తున్నారు. ఆ రేవులో నేను కొట్టని వాడు లేడు, నన్ను కొట్టినవాడు లేడు.

"నాకు పడవ తెలవదక్కా. తెలుసని అబద్ధమాడినాను."

అక్క నా చెంప మీద కొట్టింది. చిన్న చెయ్యి, గాజులు లేని చెయ్యి. నా తల ఒక పక్కకి తిరిగిపోయింది. రెండోది కూడా కొడుతుందని నిలబడ్డాను. కొట్టలేదు, మొహం తిప్పుకుంది.

బావ మా మధ్యకి వచ్చాడు. కట్టు కట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని ఉన్నాడు.

"ఆడినొక్కడినే అంటావేటి? ఆడికి తెలవదని నాకు తెలుసు. ఆ రోజు అన్నం కాడే తెలుసు," అన్నాడు.

అక్క గిర్రున ఆయన వైపు తిరిగింది.

"తెలిస్తే మరెందుకెక్కినావు బావా?"

బావ నా వైపు చూశాడు, పక్కన పెట్టిన మంచినీళ్ళ సీసా ఎడమచేత్తో తీసుకున్నాడు. మూత తిప్పడం రాలేదు. నాకు అందించాడు.

"నేనెక్కకపోతే నువ్వొక్కడివే ఎలిపోదువు గదరా," అన్నాడు.

నేను మూత తీసి ఇచ్చాను. ఆయన నీళ్ళు తాగాడు.